లొంతోర్‌లో గింజ పలికేదాకా

జాజికాయ ఎండిందో లేదో తేల్చడానికి మా ల్యాబ్‌లో సగం పూట పడుతుంది. పొడి చేసి, గాజు బుడ్డిలో వేసి కాచి, బయటికొచ్చిన నీటిని సన్నటి గొట్టంలో కొలుస్తాం. నూటికి పది పాళ్ళు దాటితే సరుకు వెనక్కే. ఇండోనేషియాలో, బందా దీవుల్లోని లొంతోర్ అనే ఊళ్ళో నన్ను ఇంట్లో ఉంచుకున్న మామ ఇదే పనికి పెంకుతో ఉన్న గింజను చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఊపుతుంది. లోపల పప్పు గలగలమంటే ఎండినట్టు. లేకపోతే మళ్ళీ తట్టలోకి. "ఇంకా పలకలేదు" అంటుంది, మాటలు రాని పసిపిల్ల గురించి చెప్పినట్టు.

మామ అంటే మనం అనుకునే మామ కాదు. బందాతో పాటు ఆ వైపు ఉన్న మలుకు దీవుల్లో పెద్దావిణ్ణి మామ అని పిలుస్తారు, అమ్మ అన్న అర్థంలో. ఆవిడ భర్త బాపా. మొదటి రోజంతా ఆ పిలుపు నా నోట్లో తిరగబడుతూనే ఉంది. మూడో రోజుకి అలవాటైంది. నన్నేమో "నోనా" అనేవాళ్ళు. అది పెళ్ళికాని ఆడపిల్లల్ని పిలిచే మాట. నేనుండే జావా నగరం సురబాయాలో తొమ్మిదేళ్ళుగా అందరూ "బు" అని గౌరవంగా పిలిచే నాకు, నలభై దాటాక ఆ పిలుపు వినడం సంతోషంగా అనిపించింది.

సురబాయాలో నా ఉద్యోగం మసాలా దినుసుల నాణ్యత చూడటం. జాజికాయ, జాపత్రి, లవంగం, దాల్చినచెక్క, మిరియాలు. బస్తాలోంచి తీసిన నమూనా కవర్లో వస్తుంది, దాని మీద ఒక నంబరు ఉంటుంది. నేను ఆ నంబరు ఎదురుగా ఒక మాట రాస్తాను. పోయిన ఏడాది ఒక వారంలో వరసగా మూడు నమూనాలకి "రిజెక్ట్" అని రాశాను. మూడింటిలోనూ బూజు విషం, అఫ్లటాక్సిన్, యూరప్ వాళ్ళు ఒప్పుకునే హద్దు దాటింది. ఆ హద్దు చాలా తక్కువ: బి1 రకం అయితే కిలోకి 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపితే 10. మూడు కవర్ల మీదా ఊరి పేరు దగ్గర "బందా" అనే ఉంది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నేను రాసిన మాట ఎవరి ఇంటిదాకా వెళ్తుందో ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. అక్టోబరులో సెలవు పెట్టి బయల్దేరాను.

బందా దీవులు మలుకు రాజధాని అంబోన్‌కి ఆగ్నేయంగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, పేరుకి తగ్గట్టే బందా సముద్రం మధ్యలో ఉన్నాయి. చిన్నవి, పది దాకా ఉంటాయి. అంబోన్ పక్కన తులేహు రేవు నుంచి ఫాస్ట్ బోటు ఎక్కితే, సముద్రం బాగుంటే ఆరు గంటలు. నేను వెళ్ళిన వారం ఆ బోటు నడవలేదు. పెద్ద ఓడలో రాత్రంతా కూర్చుని వెళ్ళాను. నా పక్కన బియ్యం బస్తాలు, గుడ్ల అట్టలు, ఒక కుట్టుమిషను, రెండు కొత్త పరుపులు. ఆ దీవుల్లో వరి పండదు, అన్నం కూడా ఓడలోనే రావాలి. ఓడ ఆలస్యమైతే ఇంట్లో ఏమవుతుందో మామ దగ్గర ఉన్న వారంలో నాకు అర్థమైంది. దాని గురించి తర్వాత రాస్తాను.

తెల్లారేసరికి ఓడ ఇరుకైన నీటిదారిలోకి మలుపు తిరిగింది. ఎడమా కుడీ తేడా తెలియనంత దగ్గరగా కొండలు. ఒక పక్క నెయిరా దీవి, ఇంకో పక్క గునుంగ్ అపి, అంటే నిప్పుకొండ. సముద్రంలోంచి నేరుగా 600 మీటర్ల పైకి లేచిన శంకువు ఆకారం. పైన పొగ లేదు. వెనకాల, ఆ రెండింటినీ చెయ్యి చాచి పొదువుకున్నట్టు వంపు తిరిగి ఉన్నది బందా బెసార్, పెద్ద దీవి. ఒకప్పుడు ఇదంతా ఒకే అగ్నిపర్వతం. అది కూలిపోయాక మిగిలిన గోడలో పెద్ద ముక్క బందా బెసార్ అయితే, మధ్యలో మళ్ళీ పుట్టిన కొత్త కొండ గునుంగ్ అపి. లొంతోర్ ఆ పాత గోడ లోపలి వాలు మీద, కొత్త కొండకి ఎదురుగా ఉన్న ఊరు. పొద్దున తలుపు తీస్తే నిప్పుకొండే కనిపిస్తుంది.

నెయిరా నుంచి లొంతోర్‌కి చిన్న మోటారు పడవలో పావుగంట. దిగగానే మెట్లు మొదలవుతాయి. ఊరు రేవు దగ్గర కొంత, వాలు మీద కొంత, పైన గట్టు మీద కొంత ఉంటుంది. వీటిని కలిపేది రాతి మెట్లే. నేను లెక్కపెడదామని మొదలుపెట్టి నూట ముప్ఫై దగ్గర ఊపిరి ఆడక తప్పాను. నా బ్యాగు మోస్తున్న పదేళ్ళ పిల్లాడు, మామ మనవడు, పైనుంచి వంగి చూస్తూ "ఇంకా చాలా ఉన్నాయి నోనా" అన్నాడు, ఓదార్పుగా. బడిపిల్లలు, చేపల బుట్టలు, గ్యాసు సిలిండర్లు, నడవలేని ముసలివాళ్ళు, పెళ్ళిసామాను, అన్నీ ఈ మెట్ల మీదే ఎక్కాలి, దిగాలి. మెట్లకి రెండు వైపులా ఇళ్ళు. ప్రతి ఇంటి ముందూ ఒక పట్టా, దాని మీద ఎర్రటిదీ గోధుమరంగుదీ ఏదో ఒకటి ఆరుతోంది.

ఆ ఎర్రటిది చూసి ఆగిపోయాను. జాపత్రి! నాకు తెలిసిన జాపత్రి ఎండిన నారింజ పసుపు. చెట్టు నుంచి అప్పుడే వచ్చినది నెత్తురంత ఎరుపు, తడిగా మెరుస్తూ ఉంటుంది. పండిన జాజికాయ లేత పసుపు రంగులో, చిన్న జామకాయంత ఉండి, పండాక మధ్యకి విచ్చుకుంటుంది. లోపల నల్లగా నున్నగా మెరిసే పెంకు, దాని చుట్టూ వేళ్ళతో పట్టుకున్నట్టు ఈ ఎర్ర వల. ఇక్కడి వాళ్ళు జాజికాయని పాలా అని, జాపత్రిని ఫులి అని అంటారు. తొమ్మిదేళ్ళుగా ఆ రెంటినీ వేరువేరు కవర్లలో చూస్తున్న నేను అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉండగా చూడటం అదే మొదటిసారి. మెట్ల మీదే కూర్చుని కాసేపు అలాగే చూస్తూ ఉన్నాను.

రెండో రోజు బాపా తోటకి తీసుకెళ్ళాడు. తోట అంటే వరసలు, పాదులు, కంచె ఉంటాయనుకున్నాను. అది అడవి. పైన ముప్ఫై నలభై మీటర్ల ఎత్తున కెనారి చెట్లు. మొదళ్ళ దగ్గర వేళ్ళు గోడల్లా పైకి లేచి ఉంటాయి, వాటి మధ్య మనిషి నిలబడితే కనపడడు. ఆ కెనారి నీడలో జాజి చెట్లు. ఎండ నేల మీదకి చుక్కలు చుక్కలుగానే పడుతుంది. సముద్రపు గాలి విసురుని పైన కెనారి కాచుకుంటుంది, కింద జాజి కాస్తుంది. కెనారి పప్పు కూడా తింటారు, బాదంలా ఉంటుంది. మామ దాన్ని నూరి వంకాయ కూరలో వేసింది. ఆ వంకాయ రుచి నేను మర్చిపోలేను.

బాపా చేతిలో పొడవాటి వెదురుగడ. దాని కొసన చిన్న వెదురు బుట్ట, బుట్ట అంచున రెండు కొక్కేల్లాంటి పళ్ళు. దాన్ని గై-గై అంటారు. తల వెనక్కి వాల్చి, ఆకుల్లో విచ్చుకున్న కాయని వెతికి, పళ్ళ మధ్య ఇరికించి ఒక్క గుంజు గుంజితే కాయ బుట్టలో పడుతుంది. నేల మీద పడకూడదు. ఇది నాకు బాపా చెప్పిన మొదటి నియమం, నేను అడగకుండానే. పచ్చి కాయని ముట్టడు, రాలిన దాన్ని వేరే సంచిలో వేస్తాడు. ఆ వేరే సంచి చూసినప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. తడి నేల మీద రెండు రాత్రులు పడి ఉన్న కాయలోనే బూజు మొదలవుతుంది. ల్యాబ్‌లో నేను మెషీన్‌తో పట్టుకునేది ఆ సంచి మంచి సంచిలో కలిసిందా లేదా అన్నదే.

గై-గై నా చేతికిచ్చాడు. అరగంటలో మూడు కాయలు తీశాను, మెడ పట్టేసింది. బాపాకి అరవై రెండేళ్ళు. ఆ పూట ఆయన బుట్ట నిండింది.

చెట్టు గురించి ఆయన చెప్పినవి కొన్ని నాకు పుస్తకాల్లో తెలిసినవే, కానీ అక్కడ నిలబడి వింటే బరువు వేరు. గింజ నాటితే మొదటి కాయకి ఏడెనిమిదేళ్ళు. నిండుగా కాయడానికి ఇరవై ఏళ్ళు. అది కూడా ఆడ చెట్టయితేనే. జాజిలో మగ చెట్లు, ఆడ చెట్లు వేరు. పూత వచ్చేదాకా ఏది ఏదో తెలియదు. ఆరేళ్ళు నీళ్ళు పోసి పెంచిన చెట్టు మగదని తేలితే? కొన్నిటిని ఉంచుకోవాలి, పుప్పొడి కోసం. మిగతావి కొట్టేస్తారు. బాపా ఇప్పుడు కోస్తున్న చెట్లలో ఎక్కువ భాగం ఆయన తాత నాటినవి. ఆయన నాటినవి కొడుకు కోస్తాడు. కొడుకు అంబోన్‌లో మోటారు సైకిళ్ళ షాపులో పనిచేస్తున్నాడు.

నాటకుండానే మొలిచేవి కూడా ఉన్నాయి. పెద్ద పావురం ఒకటి, బూడిద రంగు తల, ఆకుపచ్చ వీపు, జాజిని జాపత్రితో సహా మింగేస్తుంది. జాపత్రి అరుగుతుంది, గింజ ఇంకో చోట పడి మొలుస్తుంది. పైన ఎక్కడో అది గొంతు సవరించుకున్నట్టు కూస్తుంటే బాపా తలెత్తి "తోటమాలి వచ్చాడు" అన్నాడు.

ఇంటికొచ్చాక పని ఆడవాళ్ళది. కాయ విప్పి, జాపత్రిని చిరగకుండా వేలితో మెల్లిగా వలిచి వేరుగా ఆరేస్తారు. దాని ధర గింజ ధరకి రెండింతలకి పైనే, అందుకే పసిపిల్లల చేతికివ్వరు. కాయ కండతో తీపి ఊరబద్దలు, పానకం చేస్తారు. చాలా భాగం తోటలోనే వదిలేస్తారు. గింజ పెంకుతో పాటే ఆరాలి, ఆరు నుంచి ఎనిమిది వారాలు. పగలు ఎండలో, రాత్రీ వానలో లోపల. వాన ముసురు పట్టినప్పుడు తట్టల కింద సన్నటి సెగ, పొగ పెడతారు. మంట పెరిగితే గింజలో నూనె పోతుంది. రోజూ తిప్పాలి. ఎండుతున్న కొద్దీ లోపలి పప్పు కుంచించుకుని పెంకుని వదిలేస్తుంది. అప్పుడే పలుకుతుంది. అప్పుడు చెక్క సుత్తితో ఒక్క దెబ్బ, పప్పు దెబ్బతినకుండా. విడిపోయిన పెంకులు పొయ్యిలోకి.

మూడో రోజు సాయంత్రం నేను అసలు విషయం చెప్పేశాను. ల్యాబ్ సంగతి, మూడు కవర్ల సంగతి. మామ సుత్తి పక్కన పెట్టి నా వైపు చూసింది. కోపం వస్తుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఆవిడ లేచి లోపలికెళ్ళి రెండు గింజలు తెచ్చింది. ఒకటి ఊపి నా చెవి దగ్గర పెట్టింది, పలికింది. రెండోది పలకలేదు.

"ఇది ఎప్పుడు అమ్ముతారో తెలుసా?" అంది, పలకనిదాన్ని చూపిస్తూ. "ఓడ రానప్పుడు. బియ్యం ధర పెరిగినప్పుడు. అంబోన్‌లో పిల్ల హాస్టల్ డబ్బు కట్టాల్సి వచ్చినప్పుడు. కొనేవాడు తడిదైనా తీసుకుంటాడు నోనా. తడిది బరువు కదా, కొంచెం ధర తగ్గించి తీసుకుంటాడు. తను ఆరబెట్టుకుంటానంటాడు. ఆరబెడతాడో లేదో నాకేం తెలుసు?"

ఇంకేం అడగలేకపోయాను. ఆరు వారాలు ఆగగలగడానికి ఇంట్లో ఆరు వారాల బియ్యం ఉండాలి. మా రిపోర్టుల్లో "ఆరబెట్టడంలో లోపం" అని ఒక గడి ఉంది, దానికెదురుగా టిక్కు పెడతాం. ఆ గడిలో నేను ఇన్నేళ్ళు పెట్టిన టిక్కులన్నీ నాకు గుర్తొచ్చాయి. హద్దు మార్చాలని నేననను, బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది, ఎవరి బిడ్డ తిన్నా అంతే. కానీ తడి గింజకి తక్కువ ధర ఇచ్చి తీసుకుపోయే పద్ధతి కంటే ఎండిన గింజకి ముందే కొంత బయానా ఇచ్చే పద్ధతి ఉండాలని, అలా చేస్తే మా దాకా వచ్చే నమూనాల్లో సగం మాట మారుతుందని నాకు గట్టిగా అనిపించింది. తిరిగొచ్చాక మా వాళ్ళతో మాట్లాడటం మొదలుపెట్టాను. దాని గురించి ఏదైనా జరిగాకే రాస్తాను.

లొంతోర్ చరిత్ర రాయకుండా ఉండలేను. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియడం లేదు.

జాజికాయ చెట్టు పుట్టిల్లు ఈ దీవులే. పదిహేడో శతాబ్దం మొదట్లో లోకంలోని జాజికాయ, జాపత్రి దాదాపు అంతా ఇక్కడి నుంచే వెళ్ళేది. పోర్చుగీసువాళ్ళు 1512లో వచ్చారు. తర్వాత డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు. ఇక్కడ రాజు లేడు. ఓరాంగ్ కాయా అనే ఊరి పెద్దలు కూర్చుని మాట్లాడుకుని నడిపించేవాళ్ళు. వాళ్ళు ఎవరికి కావాలంటే వాళ్ళకి సరుకు అమ్ముకునేవాళ్ళు. డచ్చి ఈస్టిండియా కంపెనీకి అది నచ్చలేదు. 1621లో గవర్నర్ జనరల్ యాన్ పీటర్స్‌జోన్ కూన్ ఓడలతో వచ్చి దిగింది ఈ ఊరి వైపే. మే 8న నెయిరా కోట దగ్గర 44 మంది పెద్దల్ని జపాను కిరాయి సైనికులతో నరికించారు. అంతకుముందు దీవుల్లో పదిహేను వేల మంది ఉండేవారని అంచనా. చంపగా, ఆకలికి మాడి చావగా, కొండల మీదినుంచి దూకగా, దాదాపు 800 మందిని బతావియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, తరలించగా, మిగిలింది వెయ్యి మంది అటూ ఇటూగా.

ఆ తర్వాత తోటల్ని 68 ముక్కలు చేసి కంపెనీ మనుషులకి ఇచ్చారు. వాటిలో సగం ఈ పెద్ద దీవి మీదే. పని చేయడానికి ఎక్కడెక్కడి నుంచో బానిసల్ని తెచ్చారు. గింజ ఇంకెక్కడా మొలవకూడదని సున్నంలో ముంచి ఎగుమతి చేశారు. బానిసత్వం చట్టప్రకారం పోయింది 1860లో.

రన్ అనే చిన్న దీవిని ఇంగ్లీషువాళ్ళు 1667లో మన్‌హటన్‌కి బదులుగా వదులుకున్న కథ అందరూ చెబుతారు. నెయిరాలో టీ కొట్టు దగ్గర కూడా అదే చెప్పారు. ఎందుకో ఆ కథ నాకు అంత పట్టలేదు. నన్ను పట్టుకున్నది మామ చెప్పిన ఇంకొకటి.

1621లో కొందరు పడవలెక్కి తూర్పుకి పారిపోయారు. వాళ్ళు చేరింది కై దీవులకి. అక్కడ బందా ఎలి, బందా ఎలత్ అనే రెండు ఊళ్ళలో ఆ వంశాలవాళ్ళు ఇప్పటికీ పాత బందా భాష మాట్లాడుతున్నారు. ఇక్కడ, బందాలో, ఆ భాష మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు. ఇక్కడ మాట్లాడేది మలయ్‌లోంచి పుట్టిన మాట. "మా భాష అక్కడుంది, మా చెట్లు ఇక్కడున్నాయి" అంది మామ. తర్వాత తనే సవరించుకుంది. "మా భాష అంటే నా తాతల భాష కాదులే. మా నాన్న వైపు బూతోన్ దీవి నుంచి, అమ్మ వైపు జావా నుంచి తీసుకొచ్చారట. కానీ ఈ బావి మాదే కదా."

బావి గురించి చెప్పాలి. గట్టు మీద, మెట్లన్నీ ఎక్కాక, రాతి గట్టుతో పక్కపక్కనే రెండు నోళ్ళున్న పాత బావి. పరిగి పుసాకా అంటారు, వారసత్వపు బావి. అంత ఎత్తున నీళ్ళుండటమే ఆశ్చర్యం. ఒక పిల్లి ఎక్కడికో వెళ్ళి తడిసి ఇంటికి వస్తుంటే దాని వెనకాలే వెళ్ళి ఈ నీటిని కనుక్కున్నారని మామ మనవడు నాకు చెప్పాడు, ఆ పిల్లిని తను చూసినంత నమ్మకంగా. ఏళ్ళకొకసారి, పదేళ్ళు అటూ ఇటూగా, ఊరంతా కలిసి ఈ బావిని కడుగుతారు. నీళ్ళన్నీ తోడేసి, పొడవాటి తెల్లగుడ్డ పట్టుకుని, మగవాళ్ళు లోపలికి దిగి అడుగు దాకా శుభ్రం చేస్తారు. అంబోన్ నుంచి, జకార్తా నుంచి ఊరి పిల్లలంతా దానికి వస్తారు. ఓడల్లో చోటుండదు. పోయినసారి మామ కొడుకు లోపలికి దిగాడు. ఆ ఫోటో వాళ్ళింట్లో పెళ్ళి ఫోటో కంటే పైన వేలాడదీసి ఉంది. నిలువునా బురద, నవ్వుతున్నాడు.

కొన్నవాళ్ళు తీసుకొచ్చి దింపిన మనుషుల మనవళ్ళు, చనిపోయినవాళ్ళ బావిని కడుగుతున్నారు. ఎవరూ వాళ్ళని కడగమనలేదు. ఆ ఫోటో ముందు నేను చాలాసేపు నిలబడ్డాను.

బావికి కొంచెం అవతల హోలాండియా కోట ఉంది. 1624లో కట్టారు. ఇప్పుడు మిగిలింది నాచు పట్టిన గోడలు, మధ్యలో గడ్డి. సాయంత్రం పిల్లలు బంతి ఆడుకుంటారు. అక్కడి నుంచి చూస్తే ఎదురుగా నిప్పుకొండ, దాని పాదం దగ్గర నెయిరా, అక్కడి బెల్గికా కోట అయిదు కోణాలూ స్పష్టంగా కనిపిస్తాయి. నెయిరాలోనే స్వాతంత్ర్య పోరాట నాయకులు హట్టా, షహ్రీర్ ప్రవాస శిక్షలో 1936 నుంచి 1942 దాకా ఉన్నారు. తర్వాత ఒకరు దేశానికి తొలి ఉపాధ్యక్షుడు, ఒకరు తొలి ప్రధాని. వాళ్ళుండగా ఇరుగుపొరుగు పిల్లలకి చదువు చెప్పారు. మామ వాళ్ళ పెద్దత్తకి అక్షరాలు వాళ్ళ దగ్గరే వచ్చాయట. దూరంగా మబ్బు పట్టినట్టు కనిపించే రెండు దీవులకి ఇప్పుడు వాళ్ళ పేర్లే.

నిప్పుకొండంటే భయం లేదా అని మామని అడిగాను. 1988 మేలో అది పేలినప్పుడు ఆవిడకి పంతొమ్మిదేళ్ళు, కడుపుతో ఉంది. పొద్దున్నే నేల వణికిందట, తర్వాత ఆకాశం నల్లగా మారిందట. జనాన్ని పడవల్లో, ఓడల్లో తరలించారు. మామ అంబోన్‌లో ఒక బడి వరండాలో కొన్ని వారాలు పడుకుంది, కొడుకు అక్కడే పుట్టాడు. తిరిగొచ్చేసరికి జాజి ఆకుల మీద బూడిద. "వాన వచ్చి కడిగేసింది. ఆ తర్వాత కాపు చూడాలి నోనా!" అంది. భయం గురించి జవాబు చెప్పనేలేదు.

ఆ లావా కొండకి ఉత్తరాన సముద్రంలోకి దిగింది. మామ మేనల్లుడు నన్ను పడవలో అటు తీసుకెళ్ళాడు. ఒడ్డున ఇంకా నల్లటి రాయి, ఒక మొక్క కూడా సరిగా లేదు. "కిందికి చూడండి" అన్నాడు. వంగి చూస్తే, అదే నల్లరాయి నీళ్ళలోకి దిగిన చోట పగడాలు, భోజనాల బల్లలంత వెడల్పు, ఒకదాని మీద ఒకటి. పేలుడు జరిగిన కొన్నేళ్ళకే అవి అంత వేగంగా పెరగడం చూసి శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయారు. నాకు ఈత రాదు. పడవ అంచు పట్టుకుని నడుము నొప్పెట్టేదాకా చూశాను.

చివరి రెండు రోజులూ నేను తట్టలు తిప్పాను, పెంకు కొట్టాను. నేను కొట్టిన వాటిలో నాలుగో వంతు పప్పు పగిలింది. మామ పగిలినవి ఏరి పక్కన పెట్టి "ఇవి మన చారులోకి" అంది. ఆ రాత్రి చేపల పులుసులో నిజంగానే వేసింది. పగిలినవి, పుచ్చినవి అన్నీ కలిపి మా పుస్తకంలో ఒకే గ్రేడు, బీడబ్ల్యూపీ, అన్నిటికంటే కింది ధర. అవి నూనె తీయడానికి పోతాయి. ఒక్క దెబ్బ గట్టిగా పడితే గింజ మంచి గింజల గ్రేడు ఏబీసీడీ నుంచి బీడబ్ల్యూపీకి పడిపోతుందని నాకు తెలుసు. ఆ దెబ్బ నా చేత్తో వేసి చూసేదాకా ఎంత తేలిగ్గా పడుతుందో తెలియదు.

బయల్దేరే రోజు పొద్దున మామ రేవుదాకా మెట్లు దిగి వచ్చింది, వద్దంటున్నా వినకుండా. దారిపొడవునా ఎవరో ఒకరు పట్టా మీంచి తలెత్తి పలకరించారు. పడవ ఎక్కుతుంటే నా చేతిలో ఒక గింజ పెట్టింది, పెంకుతో ఉన్నది. ఊపి చూశాను. పలకలేదు.

"అమ్మెయ్యకు. కొట్టకు. పలికేదాకా ఆగు," అంది.

సురబాయాలో నా వంటింటి కిటికీ గట్టు మీద చిన్న వెదురు తట్టలో పెట్టాను. రోజూ పొద్దున ఆఫీసుకి వెళ్ళే ముందు ఒకసారి తిప్పేదాన్ని. నవంబరంతా ఇక్కడ వాన, రెండుసార్లు పొయ్యి పక్కకి మార్చాను. ల్యాబ్‌లో ఆ నెలలో వచ్చిన నమూనాల్లో బందావి రెండు. ఒకటి హద్దు లోపలే ఉంది. ఒకటి లేదు.

నిన్న పొద్దున పలికింది. మామకి ఫోన్ చేసి, ఫోన్ దగ్గర పెట్టి ఊపాను. ఓడ వచ్చిందట, అక్కడంతా హడావిడి, వెనకాల పిల్లలు అరుస్తున్నారు. "మళ్ళీ ఊపు నోనా, వినపడలేదు" అంది. మళ్ళీ ఊపాను.